మొరాయింపు పరీక్ష

ముక్తిపురం మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరైన సువార్తమ్మ తన కారును మొదటిసారి ఇంటి గేటు దాటించిన రోజే ప్రభుత్వం దాన్ని తుక్కు కింద జమకట్టింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. కారు బాగుపడడానికి మూడేళ్ళు పట్టింది. ఉత్తర్వు తయారవడానికీ మూడేళ్ళే పట్టింది. రెండూ ఒకే గురువారం నాడు వీధిలోకి వచ్చాయి.

కారు చాలా చిన్నది. అరవై ఆరో సంవత్సరం మోడల్. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ముందు రెండు గుండ్రటి దీపాలు, కుదించినట్టుండే వెనకభాగం, లేత బూడిద రంగు. కొత్తగా వచ్చిననాడే ఊళ్ళోవాళ్ళు దానికి పిచ్చుక అని పేరు పెట్టేశారు. కొన్నది డాక్టర్ కరుణాబాయి. కాలవగట్ల వెంబడి ఊరూరా తిరిగి పురుళ్ళు పోసేవారావిడ. పక్కసీట్లో మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని సువార్త కూర్చునేది. పద్నాలుగేళ్ళు అలా కూర్చుంది గాని స్టీరింగు మీద చెయ్యి వేయలేదు. డాక్టరుగారు దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఉద్యోగం మానుకుని వెళ్ళిపోయే రోజున మాత్రం తాళంచెవీ కాగితాలూ సువార్త చేతిలో పెట్టి, "ఇక నువ్వు నడుపు" అన్నారు.

నడపడానికి సువార్తకు తీరిక చిక్కలేదు. కారు ఆసుపత్రి షెడ్డులో, ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ల వెనక ఉండిపోయింది. వెనకసీట్లో కోళ్ళు తరతరాలుగా గుడ్లు పెట్టాయి. రిటైరయ్యాక ఆవిడ చేసిన మొదటి పని ట్రాక్టరు ట్రక్కు మాట్లాడి దాన్ని ఇంటికి తెచ్చుకోవడం. రెండో పని, కాలవరోడ్డు మీద రేకుల షెడ్డులో ఉండే మెకానిక్ మీరాసాహెబును పిలుచుకురావడం.

మీరాసాహెబుకు అరవై అయిదేళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేసేవాడు. పిచ్చుకను అలా వినబోతే ఏమీ వినిపించలేదు.

"ఇందులో ప్రాణం లేదు సిస్టరుగారండీ," అన్నాడు.

"అంత తొందరగా తేల్చేయకండి సాయిబుగారూ. ఏడవని బిడ్డల్ని చాలామందిని చూశాన్నేను."

ఆ మాటతో అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. పట్టేసిన పిస్టన్ల మీద డీజిలు పోసి పదకొండు రోజులు ఊరుకున్నాడు. పన్నెండో రోజున ఇంజను వేలెడంత తిరిగింది. కార్బురేటరు సన్న తీగతో పొడిచి శుభ్రం చేశాడు. రేడియేటరుకు పంతొమ్మిదిచోట్ల టంకం పెట్టాడు. తుప్పు తిన్న అడుగురేకు కోసేసి కొత్తరేకు అతికాడు. దొరకని భాగాలను తానే అరగదీసి తయారుచేసుకున్నాడు. సువార్తమ్మ పక్కన స్టూలు వేసుకుని, ఆపరేషన్ థియేటర్లో అందించినట్టు, అడక్కముందే పానాలు అందించేది. ఈ మధ్యలోనే డ్రైవింగు స్కూలుకు వెళ్ళి, యాభై తొమ్మిదో ఏట లైసెన్సు తెచ్చుకుంది.

ఆ గురువారం పొద్దున ఆవిడ తాళం తిప్పింది. పిచ్చుక ఒక్క తిప్పుకే అందుకుంది. మీరాసాహెబు స్క్రూడ్రైవరు చెవికి ఆనించి విని, తల ఎత్తకుండా, "ఏడుస్తోందండీ," అన్నాడు.

వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి వార్డు ఉద్యోగి జిగురు డబ్బాతో నిలబడి ఉన్నాడు. ముందు అద్దం మీద నోటీసు అతికించి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

"యాభై ఏండ్లు పైబడిన వాహనములు ఇకమీదట రెండు విధములుగా మాత్రమే ఉండవలెను. ఒకటి వారసత్వము, రెండు తుక్కు. తొంభై దినములలోగా వారసత్వ ధ్రువపత్రము పొందని వాహనములు రెండవ విధమునకు చెందినవిగా భావించి నలిపివేయబడును."

సువార్తమ్మ నిబంధనలంటే గౌరవమున్న మనిషి. ఆసుపత్రిలో ఒక్కనాడు కూడా చార్టు రాయకుండా ఇంటికి వెళ్ళలేదు. ఆ సాయంత్రమే దరఖాస్తు నింపి పంపించింది.

పన్నెండు రోజులకు ప్రాచీన వాహన వారసత్వ పరిరక్షణ విభాగం ప్రత్యేకాధికారి చక్రపాణిగారు తనిఖీకి వచ్చారు. అంతకుముందు ఆయన పట్టుపురుగుల శాఖలో ఉండేవారు. ఎనిమిది నెలల క్రితమే కొన్న తెల్లటి ప్రభుత్వ వాహనంలో వచ్చారు. తలుపు తీస్తే ఒక ఆడగొంతు మాట్లాడుతుంది, వేస్తే ఇంకోమాట చెబుతుంది. వెంట కొలిచే టేపుతో ఒక గుమాస్తా.

చక్రపాణిగారు పిచ్చుక చుట్టూ మూడుసార్లు తిరిగారు. ముఖం విప్పారింది. "అద్భుతం. అపురూపం. ఏదీ, స్టార్టు చేయండి."

ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"ఆపి మళ్ళీ చేయండి."

మళ్ళీ ఒక్క తిప్పుకే. అలా ఏడుసార్లు చేయించారు. ఏడుసార్లూ అంతే. ప్రతిసారీ ఆయన ముఖం కొంచెం కొంచెం వాడుతూ వచ్చింది. చివరికి కలానికి మూత పెట్టేశారు.

"ఎప్పుడూ ఇలాగేనా అమ్మా?"

"ఇప్పుడైతే ఇలాగేనండి. మొన్నమొన్నటిదాకా ఎంత ఏడిపించిందో మా ఇద్దరికే తెలుసు."

"మరి ఆ గుణాన్ని ఎందుకు పోగొట్టారు?"

సువార్తమ్మకు అర్థం కాలేదు. మీరాసాహెబు గర్వంగా ఒక అడుగు ముందుకు వేసి, "నేనే పోగొట్టానండీ. బాగుచేశాను," అన్నాడు.

"అదే నేరం," అన్నారు చక్రపాణిగారు, ఎంతో శాంతంగా. "వారసత్వమంటే రేకూ రంగూ కాదయ్యా. స్వభావం. అరవైల నాటి వాహనం అరవైల నాటి విధంగా ప్రవర్తించవలెను. అనుబంధం మూడులో స్పష్టంగా ఉంది. కాలోచిత మొరాయింపు. అంటే ఆ కాలానికి తగినట్టు దారిమధ్యలో తనంతట తాను ఆగిపోవుట. బాగుచేయడమంటే వాహనంలో మార్పు తేవడం. మార్పు వచ్చినది మౌలికం కాదు. మౌలికం కానిది వారసత్వం కాదు. వారసత్వం కానిది..." అని రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి గట్టిగా ఒత్తి చూపించారు.

"అయితే చెడిపోయి ఉన్నప్పుడే తెచ్చుంటే ఇచ్చేవారాండీ?" అడిగాడు మీరాసాహెబు.

"నడవనిదాన్ని వాహనం అని ఎలా అంటాం? అది తుక్కు."

"మరి ఎలా ఉండాలండీ?" అంది సువార్తమ్మ.

"నడవాలి. నమ్మకంగా నడవకూడదు."

ఈ వాక్యాన్ని గుమాస్తా రాసుకున్నాడు. తరవాత అది శాఖవారి గోడమీదికి కూడా ఎక్కిందని చెబుతారు.

ఈ కారు ఆ రోజుల్లో సరిగ్గా ఎక్కడ, ఎలా, ఎంతసేపు ఆగేదో నిర్ధారించడానికి పురపాలక సంఘం హాలులో బహిరంగ విచారణ పెట్టారు. పిచ్చుకను తోసినవారందరూ వచ్చి సాక్ష్యం చెప్పవలసిందని ఆటోలో మైకు పెట్టి ఊరంతా చాటించారు.

రెండువందల పన్నెండు మంది వచ్చారు.

రిటైరైన పోస్టుమాను ఒకాయన తాను మూడుసార్లు తోశానన్నాడు. ఆయన వెనక నిలబడ్డ సోడాకొట్టు యజమాని, ఆ మూడుసార్లూ కుడివైపు వెనక మూల తనదేనన్నాడు. ఇద్దరికీ మాటామాటా పెరిగి, చక్రపాణిగారు ఒకరికి కుడి, ఒకరికి ఎడమ ఇచ్చి సర్దుబాటు చేశారు. నలభై ఏళ్ళైనా నిండని ఒక కుర్చీల షాపాయన వచ్చి, తోసింది తన తండ్రి అని, వారసత్వమన్నారు కాబట్టి తాను వచ్చానని చెప్పాడు. రాసుకున్నారు. ఒకావిడ మైకు అందుకుని, "నేను పుట్టిందే ఆ కారు ఆగిపోవడం మూలానండీ. డాక్టరుగారు ముందుగా వచ్చుంటే తమ్ముడు పుట్టేవాడంట," అంది. అదీ రాసుకున్నారు.

చివరికి సువార్తమ్మ లేచింది.

"నేను పద్నాలుగేళ్ళు అందులో తిరిగానండి. ఒకే ఒక్కసారి ఆగింది. లాకుల వంతెన మీద. అదీ గేదెలు అడ్డమొచ్చి డాక్టరుగారు బ్రేకు వేస్తేనే ఆగింది."

హాలంతా గొల్లున నవ్వింది. చక్రపాణిగారు చెయ్యెత్తి నిశ్శబ్దం చేయించారు.

"ఆ సమయంలో మీరు ఎక్కడ ఉన్నారమ్మా?"

"కారులోనండి."

"అయితే మీ సాక్ష్యం చెల్లదు. లోపల కూర్చున్నవారికి కారు ఆగిన సంగతి ఏం తెలుస్తుంది? తోసినవారికి కదా తెలిసేది?"

ఇందులో ఏదో తర్కం ఉన్నట్టే జనానికి తోచింది. చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా తీర్మానం వచ్చి, అనుబంధం మూడులో చేరింది. పిచ్చుక కారు లాకుల వంతెన ఎగువ ఏటవాలుపై తనంతట తాను ఆగిపోవలెను. నలుగురు వెనకనుంచి తోయవలెను. లోపల ఉన్నవారు చేతిరుమాలుతో నుదురు తుడుచుకొనవలెను. దారిన పోవువారొకరు ఉచిత సలహా ఇవ్వవలెను. ఇవన్నీ జరిగిన మీదట ధ్రువపత్రము మంజూరగును. తొంభై రోజుల గడువు ముగియడానికి మూడురోజుల ముందు, రాష్ట్ర డైరెక్టరుగారి సమక్షంలో మొరాయింపు పరీక్ష.

తోయడానికి దారిన పోయేవాళ్ళు పనికిరారని, శిక్షణ పొందినవారే ఉండాలని ఇంకో ఉత్తర్వు. నలుగురు తోపుడు సహాయకులను తాత్కాలిక పద్ధతిన నియమించారు. వాళ్ళకు ఖాకీ చొక్కాలు, వీపు మీద 'తోపు' అని అక్షరాలు. శిక్షణ రెండువారాలు. శిక్షణకు కారు లేదు కాబట్టి మార్కెట్ యార్డు ప్రహరీగోడను తోయించారు. రెండోవారం చివర గోడ కొంచెం ఒరిగిందని, అందుకు ప్రశంసాపత్రాలు ఇచ్చారని వినికిడి.

శిక్షణ అయ్యాక నలుగురూ రోజూ ఉదయం సువార్తమ్మ ఇంటికి వచ్చి, కారు ఎదురుగా నిలబడి ఫోనులో హాజరు వేసుకోవాలి. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక మొక్కలకు నీళ్ళు పోసేవారు. ఆవిడ టీ పెట్టేది. నలుగురికీ పెద్ద పోతురాజు. అరటిగెలలు మోసే పని చేసి నడుము పట్టేసిన మనిషి. పదిరోజులు చూసి ఆవిడే అతనికి నడుముకు మందు రాసిచ్చింది. నెలరోజులు చూసి అతను మనసులో మాట బయటపెట్టాడు.

"అమ్మా, తవరు ఏవనుకోకపోతే ఒక్కమాటండి. ఆ రోజు కారు ఆగితే మా నలుగురికీ ఉద్యోగాలు ఖాయం చేసేత్తారంటండి. ఆక్కపోతే యింటికేనంటండి. ఒక్కసారి ఆపించండమ్మా. ఒకే ఒక్కసారి. మేం తోసేసుకుంటాం."

సువార్తమ్మ ఆ పూట టీ తాగలేదు. కారు ఆగకపోతే కారు పోతుంది. నాలుగు కుటుంబాల కూడూ పోతుంది. ఆగితే అందరూ బాగుంటారు. పొయ్యేది 'బాగుచేశాను' అన్న మీరాసాహెబు మాట ఒక్కటే. ఆవిడ చెప్పులేసుకుని కాలవరోడ్డుకు నడిచింది.

మీరాసాహెబు ఆవిడ చెప్పిందంతా విని, చేతిలో పానా నేలమీద పెట్టాడు.

"నలభై ఏడేళ్ళ నుంచి ఆగిపోయినవాటిని నడిపిస్తున్నానండీ. నడిచేదాన్ని ఆపే విద్య నాకెవరూ నేర్పలేదు."

"నాకు మాత్రం సంతోషమా సాయిబుగారూ? నలిపేస్తారంట దాన్ని. మీరు చేసిన ప్రతి ముక్కా నలిపేస్తారు."

అతను పానా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మర్నాడు వచ్చి, పెట్రోలు అందకుండా చేసి చూపించాడు. గుమాస్తా వచ్చి పరిశీలించి తల అడ్డంగా ఊపాడు. "పెట్రోలు లేక ఆగడం మొరాయింపు కాదండి. ఆకలి." ప్లగ్గు తీగ పీకి చూపిస్తే, "ఇది విద్రోహం" అన్నాడు. టైరులో గాలి తీస్తే, "ఇది అంగవైకల్యం. వేరే శాఖ" అన్నాడు. ఏ చెయ్యీ పడకుండా, దారిలో, దానంతటదే ఆగాలి.

మీరాసాహెబు తన పాతసామాను డబ్బా వెతికి ఒక చిన్న కండెన్సరు తీశాడు. పిచ్చుకను బాగుచేసేటప్పుడు తానే పీకి, పాతబడి పాడైందని పక్కన పడేసింది. చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది. ఇంజను వేడెక్కగానే చేతులెత్తేస్తుంది. ఎండలో లాకుల వంతెన చేరేసరికి సరిగ్గా వేడెక్కుతుంది. అది దాని సొంత రోగం కాబట్టి ఎవరూ తప్పుపట్టలేరు.

"పరీక్ష రోజు పొద్దున్నే వేసేస్తానండీ," అన్నాడు. అన్నవాడు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజున లాకుల వంతెనకు మామిడాకుల తోరణాలు కట్టారు. ఏటవాలు మీద, కారు ఆగవలసినచోట, సున్నంతో చదరం గీసి 'మొరాయింపు స్థలం' అని రాశారు. రెండువందల పన్నెండుమంది సాక్షులకూ కుర్చీలు వేశారు. సోడాకొట్టు యజమాని కుర్చీ కుడివైపు, పోస్టుమాను కుర్చీ ఎడమవైపు.

మీరాసాహెబు తెల్లవారగానే వచ్చి బానెట్టు ఎత్తి ఏదో చేసి వెళ్ళాడు. "వేసేశారా?" అని సువార్తమ్మ అడిగితే, "అయిపోయిందండీ," అన్నాడు గాని ముఖం చూపించలేదు.

రాష్ట్ర డైరెక్టరుగారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. కాళ్ళు ముడుచుకుని పిచ్చుక ముందుసీట్లో, తోలుతున్న సువార్తమ్మ పక్కన కూర్చున్నారు. వెనక నలుగురు తోపుడు సహాయకులు కవాతు నడకలో వస్తున్నారు. వాళ్ళ వెనక తెల్లటి ప్రభుత్వ వాహనంలో చక్రపాణిగారు, అద్దాలన్నీ ఎత్తించి, చల్లగాలి పూర్తిగా పెట్టించి, మనిషి నడిచేంత నెమ్మదిగా వస్తున్నారు. డ్రైవరు సెలవు పెట్టడంతో గుమాస్తాయే తోలుతున్నాడు.

కాలవ గట్టు మీద కిలోమీటరు దూరం అలా సాగింది. ఎండ మాడ్చేస్తోంది.

"హాయిగా ఉందమ్మా," అన్నారు డైరెక్టరుగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి. "మా నాన్నకు ఇలాంటి కారు కొనాలని ఉండేది. నిజంగా ఆగిపోతుందా ఇది?"

"ఆగాలనేనండి రాసింది," అంది సువార్తమ్మ.

వంతెన వచ్చింది. ఏటవాలు మొదలైంది. సున్నపు చదరం దగ్గరపడింది. ఇంజను వేడి కాళ్ళకు తెలుస్తోంది. శబ్దంలో మాత్రం తేడా లేదు. చార్టు చూడకుండానే నాడి పసిగట్టిన చెయ్యి ఆవిడది. సంగతి తెలిసిపోయింది. సాయిబు పాత కండెన్సరు వేయలేదు. వేయలేకపోయాడు.

ఇంకా ఒక దారి ఉంది. తాళంచెవి చేతికి అందేంత దూరంలోనే ఉంది. తిప్పితే చాలు. ఎవరికీ తెలియదు. వెనక అద్దంలో పోతురాజు కనిపిస్తున్నాడు. రెండు చేతులూ ముందుకు చాచి, పెదవులు కదుపుతూ వస్తున్నాడు. ఆవిడ చెయ్యి స్టీరింగు వదిలి తాళం మీదికి వెళ్ళింది.

అప్పుడే వంతెన కొసన, జనానికి దూరంగా, మీరాసాహెబు కనిపించాడు. కారువైపు చూడడంలేదు. తల పక్కకు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, స్క్రూడ్రైవరు లేకుండానే వింటున్నాడు.

సువార్తమ్మ చెయ్యి తాళాన్ని తాకి, తిరిగి స్టీరింగు మీదికి వచ్చేసింది.

పిచ్చుక సున్నపు చదరాన్ని దాటింది. ఏటవాలు ఎక్కింది. వంతెన నడినెత్తి మీదికి వచ్చి, అవతలి పల్లంలోకి దిగింది. సాక్షులు రెండువందల పన్నెండుమందీ కుర్చీల్లోంచి లేచారు. తోపుడు సహాయకులు ముందు వడివడిగా నడిచారు, తరవాత పరుగెత్తారు. చాచిన చేతులకూ కారుకూ మధ్య దూరం పెరిగిపోయింది.

"అమ్మా, ఆపండమ్మా!" అని పోతురాజు కేక వినిపించింది. సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంది గాని కాలు తీయలేదు.

"ఆగలేదే," అన్నారు డైరెక్టరుగారు.

"లేదండి," అంది ఆవిడ. "ఇది నా తప్పేనండి. ఆ నలుగురి తప్పేమీ లేదు. నా పేరే రాసుకోండి."

ఆయన వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆవిడ కూడా, వంతెన రెండువైపులా కనిపించే గట్టు మలుపులో కారు పక్కకు తీసి చూసింది.

కిలోమీటరు దూరం నత్తనడకన, చల్లగాలితో సహా నడిచిన తెల్లటి ప్రభుత్వ వాహనం సరిగ్గా సున్నపు చదరంలో నిలబడిపోయింది. లోపలి ఆడగొంతు ఏదో ఒకమాట చెప్పి మూగబోయింది. తలుపులు తెరుచుకోవడంలేదు. అద్దాలు దిగడంలేదు. చల్లగాలి ఆగిపోయింది. అద్దం వెనక చక్రపాణిగారి నోరు కదులుతోంది గాని మాట బయటికి రావడంలేదు. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు.

అవతలి పల్లం నుంచి రొప్పుకుంటూ వెనక్కి వస్తున్న పోతురాజు ఆగి, జేబులోంచి నియామకపత్రం తీసి చదివాడు. 'లాకుల వంతెన ఏటవాలుపై తనంతట తాను ఆగిన వాహనమును తోయవలెను.' ఏ వాహనమో రాయలేదు. అతను మిగతా ముగ్గురివైపు చూశాడు.

"ఒరే, ఆగిందిరా!" అన్నాడు. "రండ్రా!"

నలుగురూ వెనక చేరి చేతులు ఆనించారు. గోడను ఒరగగొట్టిన చేతులవి. వాహనం కదిలింది.

అప్పటిదాకా కళ్ళు మూసుకున్న మీరాసాహెబు శబ్దం విని కళ్ళు తెరిచాడు. దగ్గరికి వెళ్ళి అద్దానికి ఆనేంతగా వంగి, "సార్, న్యూట్రల్లో పెట్టించండి!" అని అరిచాడు.

ఉచిత సలహా కూడా పడింది. స్టీరింగు దగ్గర కూర్చున్న గుమాస్తా కర్తవ్యం మరవకుండా అనుబంధం మూడు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటున్నాడు. డైరెక్టరుగారు సువార్తమ్మ పక్కన కూర్చునే అదంతా చూశారు. అంతా అయ్యాక, "నియమాలు నియమాలే కదమ్మా," అన్నారు. ఆయన భుజాలు మాత్రం కదులుతూ ఉన్నాయి. నవ్వుతున్నారో దగ్గుతున్నారో ఆవిడకు తెలియలేదు.

పది రోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. తెల్లటి ప్రభుత్వ వాహనం అనుబంధం మూడులోని షరతులన్నీ సంతృప్తికరంగా నెరవేర్చినందున దాన్ని వారసత్వ సంపదగా ప్రకటించారు. ఇక దాన్ని బాగుచేయడం శిక్షార్హమైన నేరం. దాని స్వభావాన్ని ముందుతరాలకు అందించే నిమిత్తం ప్రతి సోమవారం, గురువారం ఉదయం పదిన్నరకు ప్రత్యేకాధికారివారు అందులో కూర్చోవలెను, సహాయకులు వంతెన దాటించవలెను. తోపుడు సహాయకులు నలుగురి ఉద్యోగాలూ ఖాయమయ్యాయి. చక్రపాణిగారు అభ్యంతరం చెప్పలేదు. అనుబంధం మూడు కింద ఉన్నది ఆయన సంతకమే. తన సంతకాన్ని తప్పనడం ఆయన సర్వీసులోనే లేదు. ఆ రెండురోజులూ ఒక విసనకర్ర తీసుకుని వచ్చేవారు. పోతురాజు నడుము జాగ్రత్తగా చూసుకుంటూ తోసేవాడు.

సువార్తమ్మకు వచ్చిన ఉత్తర్వు వేరుగా ఉంది. అది చదువుతున్నప్పుడు మీరాసాహెబు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నలపడానికి మనుషులు వస్తారేమోనని అతను అప్పటికి వారం రోజులుగా పొద్దున వచ్చి సాయంత్రం దాకా అలా కూర్చుంటున్నాడు.

"సదరు పరీక్షలో సదరు వాహనము ఎచ్చటనూ మొరాయించలేదు. అరవై ఆరో సంవత్సరపు వాహనమేదియూ ఇట్లు ప్రవర్తించజాలదని రెండువందల పన్నెండుమంది ప్రమాణపూర్వకముగా రుజువుచేసి ఉన్నారు. కావున సదరు వాహనము అరవై ఆరో సంవత్సరపుది కాదు. పాతది కానిది కొత్తది అగును. సదరు వాహనమును ఈ సంవత్సరమే తయారైన కొత్త వాహనముగా పదిహేనేండ్ల కాలమునకు నమోదు చేయడమైనది."

మీరాసాహెబు ఆ ముక్క మళ్ళీ చదివించుకున్నాడు. మూడోసారి కూడా చదవమన్నాడు.

కొత్త వాహనమన్నాక తయారీదారు ఉండాలి గదా. రెండురోజుల తరవాత కాలవరోడ్డు మీది రేకుల షెడ్డుకు రిజిస్టరు పోస్టులో ఒక ఫారం వచ్చింది. చిరునామాలో 'మేనేజింగ్ డైరెక్టరు, మీరాసాహెబ్ కార్ల కర్మాగారం' అని ఉంది. అతను దాన్ని విప్పకుండా ఆవిడ దగ్గరికి తెచ్చాడు. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆవిడ చదువుతూ, అతను చెప్పింది రాసింది.

"ఈ సంవత్సరం ఉత్పత్తి చేసిన వాహనాల సంఖ్య?"

"ఒకటండీ."

"కార్మికుల సంఖ్య?"

అతను రెండు వేళ్ళు ముడిచి, "మీరూ నేనూ. ఇద్దరని రాయండి," అన్నాడు.

ఆవిడ రాసింది. తరవాతి గడి చదివింది. "వాహనమును నిలుపు ఏర్పాటు ఎట్టిది?"

"అంటే ఏంటండీ?"

"కారు ఎలా ఆగుతుందని అడుగుతున్నారు సాయిబుగారూ."

మీరాసాహెబు చేతులు చొక్కాకు తుడుచుకుని, ఆవిడ దగ్గరనుంచి కలం తీసుకున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, గడి దాటిపోయేంత పెద్దగా, తన చేత్తోనే రాశాడు.

"బ్రేకు వేస్తేనే."